కాళ్ళున్న ఆస్తి

మూడేళ్ళ క్రితం నేను పనిచేస్తున్న కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొనేసింది. మాది చిన్న కంపెనీ. సర్వర్లలో పెట్టే స్టోరేజ్ కార్డులు తయారు చేసేవాళ్ళం, ఆ కార్డుల్లో నడిచే ఫర్మ్‌వేర్ రాయడం నా పని. కొన్నవాళ్ళు సర్వర్లు అమ్ముతారు. కొన్న మర్నాడు పెట్టిన మీటింగులో వాళ్ళ పెద్దాయన ‘వర్టికల్ ఇంటిగ్రేషన్’ అన్నమాట ఎన్నిసార్లు వాడాడో లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఎనిమిది దగ్గర ఆపేశాను. ముడిసరుకు నుంచి దుకాణం దాకా ఉన్న గొలుసులో వీలైనన్ని లంకెలు ఒకే యజమాని చేతిలో ఉండటం అని దాని అర్థం.

ఆ వారం బోధన్ వెళ్ళినప్పుడు బాపుకి ఈ సంగతి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి అడిగాడు.

“అంటే ఇగ నువ్వు వాళ్ళ మనిషివా?”

“అంతే కద బాపూ.”

“కార్డులు జేసే మిషన్లు కొన్నరు, సరే. బిల్డింగు కొన్నరు, సరే. నువ్వు రేపు పొద్దుగాల పనికి పోకపోతే వాళ్ళేం జేస్తరు?”

నవ్వేసి ఊరుకున్నాను. ఏడాదిన్నర తిరిగేసరికి మా టీములో పదకొండు మందిలో ఎనిమిది మంది వెళ్ళిపోయారు. నేను ఐదోవాణ్ణి. ఆ కార్డులు ఇప్పుడు ఎవరూ తయారు చేయడం లేదు.

బాపు మేనేజ్‌మెంట్ పుస్తకాలేవీ చదవలేదు. ముప్పై ఏళ్ళు చెరుకు పండించాడు. కంప్యూటర్లు తయారు చేసేవాళ్ళకి గొలుసంతా సొంతం చేసుకోవడం, పక్క కంపెనీలను కొనుక్కోవడం కలిసొస్తుందా అన్న ప్రశ్న మీద నాకున్న కొద్దిపాటి స్పష్టత, నేను చదివిన చిప్పుల చరిత్ర కంటే ఎక్కువగా, మా ఊరి చక్కెర ఫ్యాక్టరీ నుంచే వచ్చింది. ఈ వ్యాసంలో ఆ రెండు చరిత్రల్నీ పక్కపక్కన పెట్టి చూస్తాను.

1937

ఒకే ఏడాదిలో రెండు సంగతులు జరిగాయి. వాటికి ఒకదానితో ఒకదానికి ఏ సంబంధమూ లేదు.

లండన్‌లో రొనాల్డ్ కోస్ అనే ఇరవయ్యారేళ్ళ ఆర్థికశాస్త్రవేత్త ‘ఎకనామికా’ పత్రికలో ఒక వ్యాసం అచ్చు వేయించాడు. పేరు ‘ది నేచర్ ఆఫ్ ది ఫర్మ్’. అందులో ప్రశ్న చిన్నపిల్లవాడు అడిగేలాంటిది: కావలసినవన్నీ బజారులో దొరికేటప్పుడు, అసలు కంపెనీలు ఎందుకున్నాయి? ప్రతి పనినీ ఎవరో ఒకరి దగ్గర బేరమాడి చేయించుకోవచ్చు కదా? బజారును వాడుకోవడానికి కూడా ఖర్చవుతుంది అన్నది కోస్ జవాబు. వెతకాలి, బేరమాడాలి, కాగితం రాసుకోవాలి, ఎదుటివాడు మాట తప్పకుండా చూసుకోవాలి. ఈ ఖర్చు లోపల చేసుకునే ఖర్చు కంటే ఎక్కువైన చోట కంపెనీ గోడ కడతారు. తక్కువైన చోట ఆ గోడ ఆగిపోతుంది. 1991లో కోస్‌కి నోబెల్ వచ్చింది. ఈ ఆలోచననే ముందుకు తీసుకెళ్ళిన ఆలివర్ విలియమ్సన్‌కి 2009లో వచ్చింది.

ఇటు హైదరాబాద్ సంస్థానంలో, బోధన్ పక్కన, అదే 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. ఆ ప్రాంతానికి శక్కర్‌నగర్ అని పేరొచ్చింది. ‘ఆసియాలోకెల్లా పెద్దది’ అన్నది మా ఊళ్ళో పిల్లలందరికీ ఎక్కాల కంటే ముందు వచ్చే వాక్యం.

ఫ్యాక్టరీ కథ చక్కెరతో కాదు, నీళ్ళతో మొదలవుతుంది. 1923లో మంజీర మీద అచ్చంపేట దగ్గర నిజాంసాగర్ కట్టడం మొదలుపెట్టి 1931కి పూర్తిచేశారు. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాలకు నీళ్ళివ్వాలని లెక్క. నీళ్ళొచ్చాయి సరే, ఆ నీళ్ళతో ఏం పండించాలి? జొన్నా మొక్కజొన్నా వేసుకునే నేలకి కొత్తగా కాలువ వచ్చింది. పెట్టిన డబ్బు వెనక్కి రావాలంటే డబ్బొచ్చే పంట కావాలి. 1932లో బ్రిటిష్ ఇండియా విదేశీ చక్కెర మీద సుంకం పెంచి రక్షణ చట్టం చేశాక, దేశంలో ముప్పై చిల్లర ఉన్న మిల్లులు కొన్నేళ్ళలోనే వంద దాటాయి. హైదరాబాద్ ప్రభుత్వం కూడా పరిశ్రమల కోసం పెట్టుకున్న ట్రస్టు నిధి నుంచి బోధన్‌లో పెట్టుబడి పెట్టింది.

అయితే ఫ్యాక్టరీ కట్టేనాటికి దానికి చాలినంత చెరుకు ఇక్కడ లేదు. అంత చెరుకు పండించడం అలవాటున్న రైతులూ లేరు. బజారు ఖరీదెక్కువని కోస్ అన్నాడు, బోధన్‌లో అసలు బజారే లేదు. అందుకని ఫ్యాక్టరీ గొలుసంతా తానే చేసుకుంది. వేల ఎకరాల్లో సొంత చెరుకు ఫారాలు పెట్టింది. పొలాల్లోంచి చెరుకు తేవడానికి రెండడుగుల వెడల్పు పట్టాల మీద చిన్న రైళ్ళు నడిపింది. పిప్పిని బాయిలర్లలో కాల్చి కరెంటూ ఆవిరీ తీసింది. మిగిలిన మొలాసిస్‌తో డిస్టిలరీలో ఆల్కహాల్ చేసింది. క్వార్టర్లు, బడి, ఆసుపత్రి అన్నీ లోపలే. కంప్యూటర్ భాషలో చెప్పాలంటే చిప్పు నుంచి షోరూమ్ దాకా.

చెరుకుకి గడియారం ఉంటుంది

బియ్యం మిల్లు ఇలా చేయాల్సిన పని లేదు. వడ్లు సంచుల్లో పోసి ఆరునెలలు ఆపినా ఏం కాదు. ఈ మిల్లు ధర నచ్చకపోతే ఇంకో మిల్లుకి పోవచ్చు. చెరుకు అట్లా కాదు. కొట్టిన క్షణం నుంచే లోపలి చక్కెర విరగడం మొదలవుతుంది. ఒక రోజులోపల గానుగ పడాలి. బరువు చూస్తే వంద కిలోల చెరుకులో వచ్చే చక్కెర పది కిలోల చిల్లర, అంటే దూరం తీసుకుపోతే మోసేదంతా నీళ్ళూ పిప్పీయే. కాబట్టి చెరుకు రైతుకి పక్కనున్న ఫ్యాక్టరీ తప్ప దిక్కు లేదు, కాదంటే బెల్లం వండుకోవాలి. ఫ్యాక్టరీకి చుట్టుపక్కల రైతు తప్ప దిక్కు లేదు. చెరుకు రాని ఏడాది అన్ని కోట్ల యంత్రాలూ పాత ఇనుమే.

విలియమ్సన్ దీన్నే చెప్పాడు. ఒక పెట్టుబడి ఒకే సంబంధానికి పనికొచ్చేదైతే, ఆ సంబంధంలో ఉన్న ఇద్దరూ ఒకరికొకరు బందీలు. పెట్టుబడి పెట్టేసిన తర్వాత ఎవరి చేతిలో సమయం ఉంటే వాళ్ళు ఎదుటివాడి మెడ పట్టుకోవచ్చు. ఆ భయం ఎక్కువైన చోట ఇద్దరూ ఒకే కంపెనీ అవడం మేలు.

బోధన్‌లో ఆ తర్వాత జరిగినదే నాకు అన్నిటికన్నా ఆసక్తికరం. కాలువ నీళ్ళు చూసి కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొన్నారు. ఈనాటికీ నిజామాబాద్ జిల్లాలో ‘క్యాంపు’ అని పేరున్న ఊళ్ళు వాళ్ళవే. వాళ్ళను చూసి, ఫ్యాక్టరీ ఫారాలను చూసి, మా తాతలాంటి స్థానిక రైతులూ చెరుకు నేర్చుకున్నారు. ఫ్యాక్టరీ పండించనవసరం లేకుండా పండించేవాళ్ళు పుట్టారు. అంటే లేని బజారును ఫ్యాక్టరీయే తయారు చేసింది.

ఇద్దరి బందీతనం మాత్రం పోలేదు. దానికి ఈసారి మందు సొంతదారీ కాదు, చట్టం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1961 నాటి చెరుకు సరఫరా చట్టం, కేంద్రం తెచ్చిన 1966 చెరుకు నియంత్రణ ఉత్తర్వు వచ్చాయి. ఫలానా ఊళ్ళ చెరుకు ఫలానా ఫ్యాక్టరీకే అని ప్రాంతం కేటాయిస్తారు. బదులుగా కనీస ధర ఇవ్వాలి, చెరుకు అందిన 14 రోజుల్లో డబ్బు కట్టాలి. రైతు చేతికి కటింగ్ ఆర్డర్ కాగితం వచ్చిన రోజున కొట్టాలి. చిన్నప్పుడు ఆ కాగితం మా ఇంట్లో దేవుడి పటం వెనక ఉండేది. పెళ్ళి పత్రిక కంటే దానికే ఎక్కువ మర్యాద.

ఒకే పరిశ్రమ, ఒకే ఊరు. మొదట గొలుసంతా సొంతం, తర్వాత సగం సొంతం సగం ఒప్పందం. రెండూ వాటి కాలానికి సరైనవే. కంప్యూటర్ల చరిత్రలో చాలామంది ఇదే మరిచిపోయారు.

పాతిక డాలర్ల చిప్పు

1970ల మధ్యలో జాక్ ట్రమీల్ నడిపే కమొడోర్ కంపెనీ క్యాలిక్యులేటర్లు అమ్మేది. వాటిలోని చిప్పులు టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ దగ్గర కొనేది. ఒకరోజు టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్సే క్యాలిక్యులేటర్లు చేయడం మొదలుపెట్టి, కమొడోర్ గిట్టుబాటు చేసుకోలేని ధరకి అమ్మింది. గొలుసులో పైనున్నవాడు కిందివాడి మెడ పట్టుకోవడమంటే ఇదే. ట్రమీల్ నేర్చుకున్న పాఠం సూటిగా ఉంది. చిప్పుల కోసం మళ్ళీ ఎవరి గడపా తొక్కకూడదు. 1976లో పెన్సిల్వేనియాలోని ఎంఓఎస్ టెక్నాలజీ అనే చిన్న చిప్పుల కంపెనీని కొనేశాడు.

దాని చేతిలో 6502 అనే ప్రాసెసర్ ఉంది. పోటీ చిప్పుల ధర వంద డాలర్ల పైమాట అయిన 1975లో అది పాతిక డాలర్లకి వచ్చింది. స్టీవ్ వాజ్నియాక్ ఆపిల్ తొలి కంప్యూటర్లు కట్టింది దానితోనే. ట్రమీల్ కొన్నది చిప్పుతో పాటు దాన్ని గీసిన చక్ పెడల్‌ని కూడా. 1977లో పెట్ కంప్యూటర్, తర్వాత పది లక్షలు అమ్ముడైన మొదటి కంప్యూటర్ విక్-20, 1982లో కమొడోర్ 64. కమొడోర్ 64 ని 595 డాలర్లకి దింపి, ఏడాదిలోనే దాదాపు 200కి తెచ్చారు. లోపలి ముఖ్యమైన చిప్పులు సొంత ఫ్యాక్టరీలో తయారవుతున్నాయి కాబట్టి అంత కిందికి రాగలిగారు. 1983 అక్టోబరులో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇంటి కంప్యూటర్ల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. పాత పగ తీరింది.

ఇక్కడితో ఆపేస్తే ‘గొలుసు సొంతం చేసుకో, గెలుస్తావు’ అనే కథ అవుతుంది. కానీ టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌కీ సొంత చిప్పుల ఫ్యాక్టరీలు ఉన్నాయి, పైగా చాలా పెద్దవి. ఓడిపోయింది వాళ్ళే. 1984 జనవరిలో ట్రమీల్ కమొడోర్ వదిలిపెట్టి, అదే ఏడాది అటారీ ఇంటి కంప్యూటర్ల విభాగాన్ని కొన్నాడు. ఆయన వెనకే కొందరు ఇంజనీర్లూ నడిచారు. కమొడోర్ చిప్పుల ఫ్యాక్టరీకి కావలసిన డబ్బు పెట్టకపోవడంతో అది వెనకబడింది. 1992 నాటికి తన కొత్త అమిగా కంప్యూటర్ చిప్పుల్లో ఒకదాన్ని హెచ్‌పీ దగ్గర చేయించుకోవలసి వచ్చింది. ఎవరి గడపా తొక్కనన్న కంపెనీ! 1994 ఏప్రిల్‌లో మూతబడింది.

సొంత గొలుసు ఆస్తి అని అనుకుంటాం. నిజానికి అది ప్రతి ఏడూ మేపాల్సిన పశువు. బజారులో ఇంకెవరో మీకంటే బాగా మేపుతున్న రోజున, సొంత కొట్టం బరువవుతుంది.

ఈసీఐఎల్ చౌరస్తా

దీనికి మన హైదరాబాద్‌లోనే ఇంకో ఉదాహరణ ఉంది. ఈసీఐఎల్ చౌరస్తా అనగానే బస్సులూ ట్రాఫిక్కూ గుర్తొస్తాయి గాని, ఈ దేశంలో కంప్యూటర్లు తయారు చేసి అమ్మిన తొలి సంస్థల్లో ఒకటి అక్కడిదని నా వయసువాళ్ళలో చాలామందికి తెలియదు. 1967లో అణుశక్తి శాఖ కింద ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా మొదలైంది. ముందుండి నడిపింది డాక్టర్ ఏ.ఎస్. రావు, మనం ఏఎస్ రావు నగర్ అంటున్నది ఆయన పేరే. 1969లో టీడీసీ-12 వచ్చింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. తర్వాత టీడీసీ-316.

నిజాంసాగర్ కింద చెరుకు లేనట్టే, ఆనాటి భారతదేశంలో కంప్యూటర్ భాగాల బజారు లేదు. దిగుమతికి విదేశీ మారకం లేదు, అణుశక్తి రంగానికి అమ్మేవాళ్ళు అంతకన్నా లేరు. కాబట్టి వీలైనంత లోపలే చేసుకోవడం తప్ప మార్గం లేదు. 1978లో ఐబీఎం దేశం వదిలి వెళ్ళాక ఆ అవసరం ఇంకా పెరిగింది. అయితే 1984 నవంబరులో వచ్చిన కొత్త కంప్యూటర్ విధానం భాగాల దిగుమతికి తలుపు తీసింది. చిన్న గదిలో నలుగురు కూర్చుని విడిభాగాలు బిగించి పీసీ చేయగలిగిన రోజులు వచ్చాయి. కంప్యూటర్ల అమ్మకందారుగా ఈసీఐఎల్ చరిత్ర అక్కడినుంచి చిన్నదైపోయింది. ఓటింగు యంత్రాలు, అణు రియాక్టర్ల నియంత్రణ పరికరాలు మాత్రం ఇప్పటికీ అక్కడే తయారవుతాయి. అంటే, బజారులో నమ్మి కొనలేని వస్తువుల దగ్గర సొంత గొలుసు నిలిచింది. బజారు పుట్టిన చోట నిలవలేదు.

960 కోట్లు, 28 కోట్లు

ఆ పీసీల బజారును పుట్టించింది ఐబీఎం. చిప్పు నుంచి సాఫ్ట్‌వేర్ దాకా అన్నీ సొంతంగా చేసుకునే ఆ కంపెనీ 1981లో తొందరపడి, ప్రాసెసర్ ఇంటెల్ దగ్గర, ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్ దగ్గర తీసుకుంది. ఆ రెండూ ఎవరైనా కొనుక్కోవచ్చు. 1982లో పుట్టిన కాంపాక్ కొనుక్కుంది. గొలుసులో ఏ లంకె చేజార్చుకున్నామో ఐబీఎంకి ఆలస్యంగా తెలిసింది. లంకెలన్నీ సొంతం చేసుకోనక్కర్లేదు గాని, మిగతావాటి మెడ పట్టుకోగలిగిన లంకె ఏదో తెలిసి ఉండాలి.

1998లో అదే కాంపాక్ డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌ని, డెక్ అని పిలిచేవాళ్ళు, 960 కోట్ల డాలర్లకి కొన్నది. డెక్ అంటే ఆ తరం కంప్యూటర్లలో శక్కర్‌నగర్ లాంటిది. సొంత చిప్పు, సొంత డిస్కులు, సొంత నెట్‌వర్క్, సొంత ఆపరేటింగ్ సిస్టమ్. 1992లో వచ్చిన ఆల్ఫా ప్రాసెసర్ అప్పటికి ప్రపంచంలోకెల్లా వేగవంతమైన వాటిలో ఒకటి. కాంపాక్ 2001లో ఆల్ఫాను పక్కనబెట్టి ఇంటెల్ ఇటానియం వైపు తిరగాలని నిర్ణయించింది. 2002 మేలో కాంపాక్‌నే హెచ్‌పీ మింగేసింది.

ఆల్ఫా ఏమైంది? నడిచి వెళ్ళిపోయింది. డెక్‌లో పనిచేసిన డర్క్ మేయర్ ఏఎండీకి వెళ్ళి, 1999లో ఇంటెల్‌ని కంగారుపెట్టిన ఆథ్లాన్ చిప్పుని నడిపించాడు. డెక్‌లో ఆల్ఫా చిప్పుల వెనకున్న పెద్దల్లో ఒకడైన డాన్ డాబర్‌పూల్ 2003లో పీఏ సెమీ అనే చిన్న కంపెనీ పెట్టాడు. 2008లో ఆపిల్ దాన్ని 27.8 కోట్ల డాలర్లకి కొన్నది. ఆ కంపెనీ అప్పటికే ఒక చిప్పు అమ్ముతోంది, కానీ ఆపిల్‌కి ఆ చిప్పు అక్కరలేదు. కావలసింది దాదాపు 150 మంది మనుషులు. 2010లో ఏ4, 2020 నవంబరులో ఎం1. ఐఫోన్లనూ మ్యాక్‌లనూ వేరే దారి పట్టించిన చిప్పుల పరంపర అక్కడ మొదలైంది.

960 కోట్లు పెట్టినవాళ్ళకి భవనాలు, పేటెంట్లు, కస్టమర్ల జాబితా దొరికాయి. 28 కోట్లు పెట్టినవాళ్ళకి, డెక్‌లో చేతులు తిరిగినవాళ్ళలో కొందరితో సహా, ఒక చిప్పుల టీము దొరికింది. పీఏ సెమీ నుంచి వచ్చినవాళ్ళూ అందరూ ఉండలేదు, కొందరు రెండేళ్ళలోపే వెళ్ళిపోయారు. కానీ ఉన్నవాళ్ళకి పని ఉంది. తాము చేసేది ఏ పెట్టెలోకి వెళుతుందో వాళ్ళకి తెలుసు, ఆ పెట్టె కోట్లల్లో అమ్ముడవుతుందని తెలుసు. పైగా ఆపిల్ చిప్పుల ఫ్యాక్టరీ కట్టలేదు. గీసేది తనే, పోత పోసేది తైవాన్ టీఎస్ఎంసీ. చెరుకు ఫారాలు వదిలేసి గానుగని ఉంచుకున్న బోధన్ ఫ్యాక్టరీలాగా.

కోస్ కూడా చివరికి ఇటే వచ్చాడు. ఈ వాదంలో అందరూ చెప్పే ఉదాహరణ 1926లో జనరల్ మోటార్స్ ఫిషర్ బాడీని పూర్తిగా కొనడం. ఫిషర్ వాళ్ళు జనరల్ మోటార్స్ మెడ పట్టుకున్నారు, అందుకే కొన్నారు అని పాఠాలు చెబుతారు. 2000 సంవత్సరంలో, తొంభై ఏళ్ళకి చేరువలో ఉన్న కోస్, అది నిజం కాదని వ్యాసం రాశాడు. ఫిషర్ సోదరులను జనరల్ మోటార్స్ పనిలోకి పూర్తిగా లాక్కోవడం అందులో ముఖ్యమైన ఉద్దేశమని ఆయన వాదన. అంటే అక్కడ కూడా, కొన్నది మనుషుల్ని.

మళ్ళీ 2002

హెచ్‌పీ కాంపాక్‌ని కలుపుకున్న 2002లోనే నిజాం షుగర్స్ చేతులు మారింది. బోధన్ శక్కర్‌నగర్, మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ దగ్గరి మంబోజిపల్లి ఫ్యాక్టరీలతో నిజాం దక్కన్ షుగర్స్ అనే ఉమ్మడి కంపెనీ ఏర్పడింది. 51 శాతం ప్రైవేటు సంస్థది, 49 శాతం ప్రభుత్వానిది. ఆ అమ్మకం మీద తర్వాత శాసనసభ సంఘం విచారణ జరిపింది. 2015 డిసెంబరులో మూడు ఫ్యాక్టరీలకీ లేఆఫ్ ప్రకటించారు. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కి ఆదేశించింది.

మా ఊళ్ళో ఈ కథని రెండు రకాలుగా చెబుతారు. ప్రైవేటుకి ఇచ్చారు కాబట్టి మునిగింది అని ఒకరు, సర్కారు చేతిలో ఉన్నప్పుడే మునిగింది, అందుకే అమ్మారు అని ఇంకొకరు. ఇద్దరి దగ్గరా సాక్ష్యాలున్నాయి. 1990ల్లో నష్టాలు సర్కారు హయాంలోవే. మూతబడ్డది మాత్రం ఉమ్మడి కంపెనీ హయాంలో. మరి రైతులదే సొంతదారీ అయిన సారంగపూర్ సహకార ఫ్యాక్టరీ కూడా మూతబడింది కదా? యజమాని ఎవరన్నదే అసలు ప్రశ్న అయితే, మూడు రకాల యజమానులకీ ఒకే గతి పట్టకూడదు.

నన్నడిగితే లెక్కపెట్టాల్సింది చెరుకు ఎకరాలు. మంజీర మీద ఎగువన సింగూరు కట్టి హైదరాబాద్ తాగునీటికి మళ్ళించాక, నిజాంసాగర్‌కి నీళ్ళు తగ్గాయి, పూడిక సరేసరి. చెరుకు ఏడాది పంట. నీళ్ళ మీద నమ్మకం లేనివాడు, బిల్లు ఎప్పుడొస్తుందో తెలియనివాడు, కొట్టేటందుకు కూలీలు దొరకనివాడు చెరుకు వెయ్యడు. వరికి మద్దతు ధర ఉంది, సోయాకి నాలుగు నెలలు చాలు. రైతు ఫ్యాక్టరీకి రాజీనామా పత్రం ఇవ్వడు. ఎవరికీ చెప్పడు. ఒక జూన్‌లో పొలంలో వేరే విత్తనం పడుతుంది, అంతే. బ్యాలెన్స్ షీటులో గానుగలు, బాయిలర్లు, భూములు అన్నీ అట్లాగే ఉంటాయి. వాటిని గానుగగా నిలబెట్టేది మాత్రం వెళ్ళిపోయి ఉంటుంది.

డెక్‌లో ఇంజనీరు, బోధన్‌లో రైతు ఒకటేనా అంటే కాదు. ఇంజనీరుకి ఊరు మారే వీలుంది, జీతం పెరుగుతుంది. రైతుకి భూమి అక్కడే ఉంది, చెరుకు వదిలితే వచ్చే ఆదాయం తక్కువ కూడా కావచ్చు. ఫ్యాక్టరీ మూతబడితే కార్మికుడికి అసలు నడిచే చోటే లేదు. శక్కర్‌నగర్ క్వార్టర్లలో పెరిగిన నా దోస్తుల ఇళ్ళల్లో ఏం జరిగిందో చూశాను కాబట్టి, ‘సృజనాత్మక విధ్వంసం’ లాంటి మాటలు నేను తేలిగ్గా వాడలేను. కానీ కొనేవాడి వైపు నుంచి చూస్తే ఇద్దరూ ఒకటే. వాళ్ళ మీద హక్కు కొనుక్కోలేరు. వాళ్ళు రేపు కూడా రావాలనుకునే కారణాన్ని మాత్రమే ఇవ్వగలరు.

కాబట్టి గొలుసు సొంతం చేసుకోవడం, పక్క కంపెనీని కొనడం కలిసొస్తుందా అంటే నా జవాబు ఇది. బజారు లేని చోట, లేదా ఉన్న ఒక్కడూ మెడ పట్టుకోగలిగిన చోట కలిసొస్తుంది, అదీ ఆ పరిస్థితి ఉన్నన్నాళ్ళే. కొనేటప్పుడు చూసుకోవాల్సింది ధర కాదు, ఆ ఆస్తికి కాళ్ళున్నాయా అని. ఉంటే, కొన్న రోజు ఖర్చు కంటే ఆ తర్వాత పదేళ్ళ ఖర్చే ఎక్కువ. ఎవరూ ఆ రెండో ఖర్చుని మీటింగులో చూపించరు.

2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం నిజాం షుగర్స్‌ని మళ్ళీ తెరిపించడం మీద కమిటీ వేసింది. పేపర్లో ఆ వార్త వచ్చినప్పుడల్లా యంత్రాల వయసు, బ్యాంకు బాకీలు, పెట్టుబడి గురించే ఉంటుంది. అవన్నీ కావలసినవే. మొన్న సంక్రాంతికి బోధన్ వెళ్ళినప్పుడు బాపుని అడిగాను.

“ఫ్యాక్టరీ తెరిస్తే చెరుకు పెడ్తవా?”

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. పెరట్లోకి వెళ్ళి చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

“ముందుగాల పక్కపొలపాయన పెట్టనీ. ఆయనకు బిల్లు ఎన్ని దినాలకస్తదో చూస్త. నీళ్ళు ఎన్ని తడులిస్తరో చూస్త. రెండో ఏడు నేను పెడ్త.”

“అందరూ అట్లనే అనుకుంటే మొదటి ఏడు గానుగ ఎట్ల నడుస్తది బాపూ?”

“అది వాళ్ళు ఆలోచించుకోవాలె” అన్నాడు. “నువ్వు కొత్త కంపెనీలో చేరేముందు ఎంతమందిని అడిగినవ్?”

నలుగుర్ని అడిగాను.